టీఆర్-707 డ్రమ్ మెషీన్: పవర్ పెట్టడం నుంచి రికార్డింగ్ దాకా, వరసగా

పాత రోలాండ్ టీఆర్-707 కొన్నవాళ్ల దగ్గర్నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆఫ్ చేయగానే రాసుకున్న ప్యాటర్న్‌లు (దెబ్బల వరసలు) పోతున్నాయి. కంప్యూటర్‌తో టెంపో కలవట్లేదు. రెండు బేస్ డ్రమ్‌లు పెడితే ఒకటే మోగుతోంది. సింబల్ (కంచుతాళం) ధ్వని గరగరలాడుతోంది, చిప్ పోయిందా?

వీటిలో చాలామటుకు మెషీన్ చెడిపోవడం వల్ల వచ్చేవి కావు. పని వరస తప్పడం వల్ల, ఒక కేబుల్ తప్పు జాక్‌లో పెట్టడం వల్ల, మెషీన్ స్వభావం తెలియకపోవడం వల్ల వచ్చేవి. అందుకే ఇక్కడ చెప్పిన వరసలోనే వెళ్లండి. నాలుగో అంకె పూర్తికాకుండా ఆరో అంకెకు దూకితే తప్పు ఎక్కడుందో తేల్చుకోవడం కష్టం.

## 1. మీ చేతిలో ఉన్నదేమిటి

707 పూర్తిగా డిజిటల్ శబ్దాల మెషీన్. అసలు వాయిద్యాలను రికార్డు చేసి చిప్‌లలో దాచిన శాంపిళ్లే మోగుతాయి. కొత్త శబ్దాలను లోపలికి ఎక్కించే వీలు లేదు. ముందే తెలుసుకోవాల్సినవి ఇవి:

- శబ్దాలు 15: బేస్ డ్రమ్ రెండు, స్నేర్ రెండు, టామ్‌లు మూడు, రిమ్‌షాట్, కౌబెల్, హ్యాండ్ క్లాప్, టాంబరిన్, క్లోజ్డ్ హైహ్యాట్, ఓపెన్ హైహ్యాట్, క్రాష్, రైడ్.
- దాచుకోగల ప్యాటర్న్‌లు 64. ఏ, బీ, సీ, డీ అనే నాలుగు గ్రూపుల్లో పదహారేసి.
- ప్యాటర్న్‌లను వరసగా పేర్చి పాట కట్టడానికి ట్రాక్‌లు 4.
- ప్యాటర్న్ మొత్తాన్ని గళ్లలో చూపించే ఎల్‌సీడీ తెర. వెనక లైటు ఉండదు.

కొన్ని వాయిద్యాలు జంటగా ఒకే దారి వాడుకుంటాయి. బేస్ డ్రమ్ 1, 2 ఒక జంట. స్నేర్ 1, 2 ఒకటి. రిమ్‌షాట్, కౌబెల్ ఒకటి. క్లాప్, టాంబరిన్ ఒకటి. రెండు హైహ్యాట్‌లు ఒకటి. ఒకే స్టెప్‌లో (ప్యాటర్న్‌లోని ఒక గడిలో) జంటలోని రెండింటినీ మోగించలేరు. పైన అడిగిన బేస్ డ్రమ్ ప్రశ్నకు జవాబు ఇదే, రిపేరు అక్కర్లేదు.

క్రాష్, రైడ్ శాంపిళ్లు 6 బిట్లవి, మిగతావి 8 బిట్లవి. అందుకే ఈ రెండు సింబల్‌ల తోక చివర ఇసుక రాలినట్టు గరగర వినిపిస్తుంది. అది ఈ మెషీన్ గొంతు. దాన్ని ఈక్వలైజర్‌తో పూర్తిగా నునుపు చేయాలని చూడకండి, చేస్తే 707 కొన్న ప్రయోజనమే పోతుంది.

## 2. పవర్: తొందరపడకూడని మెట్టు

మన దేశానికి వచ్చే 707లు ఎక్కువగా జపాన్ నుంచో అమెరికా నుంచో వస్తాయి. వాటితో వచ్చే పాత అడాప్టర్ 100 వోల్టులకో 120 వోల్టులకో తయారైంది. మన ఇళ్లలో ఉన్నది 230 వోల్టులు. ఆ అడాప్టర్‌ను ప్లగ్ మార్చి గోడకు పెడితే కాలిపోతుంది, దాంతోపాటు మెషీన్‌కూ దెబ్బ తగలవచ్చు.

ఇలా చేయండి:

1. పాత అడాప్టర్‌ను పక్కన పెట్టేయండి.
2. మెషీన్ మీద పవర్ జాక్ దగ్గర ముద్రించిన వోల్టేజీ, ధ్రువాల గుర్తు చదవండి. 707కు 9 వోల్టుల డీసీ కావాలి, పిన్ మధ్యభాగం నెగటివ్.
3. 230 వోల్టుల మీద పనిచేసే కొత్త రెగ్యులేటెడ్ అడాప్టర్ తీసుకోండి. కరెంటు సామర్థ్యం మెషీన్ మీద రాసినదానికన్నా ఎక్కువున్నా ఇబ్బంది లేదు, తక్కువ ఉండకూడదు.
4. మెషీన్‌కు పెట్టేముందు మల్టీమీటర్‌తో అడాప్టర్ వోల్టేజీ, ధ్రువాలు చూడండి.

బజార్లో దొరికే మామూలు 9 వోల్టుల అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యభాగం పాజిటివ్. కొలత సరిపోయింది, పిన్ పట్టింది కదా అని పెట్టేయకండి. నాలుగో అంశాన్ని వదిలేయడమే అన్నింటికన్నా ఖరీదైన తప్పు.

## 3. బ్యాటరీలు, పాత ప్యాటర్న్‌లు

ఆఫ్ చేశాక ప్యాటర్న్‌లను కాపాడేది లోపలున్న రెండు ఏఏ బ్యాటరీలు. అవి అయిపోతే మెమరీ ఖాళీ అవుతుంది, లేదా అర్థంలేని చుక్కలతో నిండిపోతుంది.

పాత యజమాని రాసుకున్న ప్యాటర్న్‌లు లోపల ఉంటే వాటిని ముందు దాచండి, బ్యాటరీలు తర్వాత మార్చండి. దాచడానికి టేప్ జాక్‌లు ఉన్నాయి. ఇప్పుడు క్యాసెట్ రికార్డర్ అక్కర్లేదు, కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్ (బయటి శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) చాలు.

1. టేప్ అవుట్‌ను ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌కు కలపండి.
2. మెషీన్‌లో టేప్ సేవ్ నడిపించి, వచ్చే కీచు శబ్దాన్ని వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఎంపీ3 వద్దు. నాయిస్ తగ్గించే ప్లగిన్‌లేవీ ఆన్‌లో ఉండకూడదు.
3. అదే ఫైలును టేప్ ఇన్‌కు వినిపిస్తూ వెరిఫై (రికార్డయింది సరిగ్గా ఉందో సరిపోల్చడం) నడపండి.
4. వెరిఫై తప్పని చూపిస్తే మొదట వాల్యూమ్ మార్చి చూడండి. ఎక్కువసార్లు లోపం అక్కడే: మరీ తక్కువ, లేదా నెత్తి తెగేంత ఎక్కువ.

వెరిఫై అయ్యేదాకా లోడ్ జోలికి వెళ్లకండి. లోడ్ చేస్తే లోపలున్నది చెరిగిపోతుంది.

ఇక బ్యాటరీలు. మెషీన్‌ను ఆన్‌లో ఉంచే మార్చండి, మెమరీ నిలుస్తుంది. పాతవి కారి ఆకుపచ్చ, తెలుపు పొక్కు కట్టి ఉంటే మాత్రం పద్ధతి వేరు: ప్యాటర్న్‌లు దాచుకుని, పవర్ పూర్తిగా తీసేసి, దూదిపుల్లకు కొద్దిగా వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడవండి. ఆల్కలైన్ బ్యాటరీల నుంచి కారేది క్షారం కాబట్టి పులుపు దాన్ని విరుస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి, బాగా ఆరనివ్వండి. చేతికి గ్లౌజులు వేసుకోండి.

నెలల తరబడి వాడకపోతే బ్యాటరీలు తీసేయండి. ప్యాటర్న్‌లు వేవ్ ఫైలులో ఎలాగూ ఉన్నాయి.

## 4. ఒక్కొక్క శబ్దం, ఒక్కొక్క మీట

మొదటిసారి విన్నప్పుడు హెడ్‌ఫోన్ వాడండి. ఫేడర్లన్నీ (ఒక్కో వాయిద్యం శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటలు) కిందికి దించి, ఒక్కొక్కటే పైకి తెస్తూ వినండి.

- ఫేడర్ కదిపితే బరబర వస్తోందా? దుమ్ము, తుప్పు. పవర్ తీసి, ఫేడర్లకు పనికొచ్చే, జిడ్డు మిగిల్చే రకం కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి, ఫేడర్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు చాలాసార్లు లాగండి. డబ్బా కుమ్మరించకండి.
- కీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోందా, లేక గట్టిగా నొక్కితేగానీ పడట్లేదా? కీ కింద చిన్న స్విచ్ అరిగిపోయింది. శుభ్రం చేస్తే కొన్నాళ్లు పనిచేసి మళ్లీ మొరాయిస్తుంది. స్విచ్ మార్చడమే పరిష్కారం. సోల్డరింగ్ అలవాటున్న ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కు ఇది పెద్ద పని కాదు.
- ఒక ఫేడర్ పైకి తెచ్చినా శబ్దం లేదా? వెనక ఆ వాయిద్యపు విడి అవుట్‌లో ఏదైనా పిన్ మిగిలిపోయిందేమో చూడండి.
- తెర నల్లబడిందా, గీతలు మాయమయ్యాయా? ఇంకా కొనకపోతే కొనకండి. మిగతా అన్నిటికీ మందుంది, ఈ తెర దొరకడమే కష్టం.

ఇంత అయ్యాకే ప్యాటర్న్ రాయడం.

## 5. ప్యాటర్న్ రాయడం: 16 గళ్లలో తాళం

రాసే పద్ధతులు రెండు. స్టెప్ రైట్‌లో ముందు వాయిద్యాన్ని ఎంచుకోవాలి, అప్పుడు కిందనున్న 16 కీలు 16 స్టెప్‌లుగా పనిచేస్తాయి. ట్యాప్ రైట్‌లో అవే కీలు వాయిద్యాలవుతాయి, లూప్ తిరుగుతుంటే వేళ్లతో వాయించాలి. మీ వాయింపు దగ్గర్లోని స్టెప్‌కు సర్దుకుంటుంది. ఏ మోడ్‌లో ఉన్నారో చూసుకోకుండా కీలు నొక్కడం కొత్తవాళ్లంతా చేసే పొరపాటు.

మొదలుపెట్టడానికి ఈ ప్యాటర్న్ రాయండి:

- బేస్ డ్రమ్ 1: 1, 5, 9, 13
- హ్యాండ్ క్లాప్: 5, 13
- ఓపెన్ హైహ్యాట్: 3, 7, 11, 15
- క్లోజ్డ్ హైహ్యాట్: 1, 5, 9, 13

రెండు హైహ్యాట్‌లు ఒకే దారిలో ఉన్నాయని మొదట చెప్పుకున్నాం. క్లోజ్డ్ పడిన చోట ఓపెన్ తోక తెగిపోతుంది. దాన్ని లోపంగా కాకుండా పనిముట్టుగా వాడండి: ఓపెన్ ఎంతసేపు సాగాలో తర్వాతి క్లోజ్డ్ స్థానమే నిర్ణయిస్తుంది. 4లో క్లోజ్డ్ పెడితే 3లోని ఓపెన్ పొట్టిగా తెగుతుంది, తీసేస్తే పొడవుగా సాగుతుంది.

### 5.1 మన తాళాలకు సర్దడం

ఈ మెషీన్ నాలుగు బీట్లకే పుట్టిందని చాలామంది అనుకుంటారు. లాస్ట్ స్టెప్ అనే మీట సంగతి పట్టించుకోకపోవడమే కారణం. ప్యాటర్న్ ఎన్నో స్టెప్‌లో ముగిసి మళ్లీ మొదటికి రావాలో దానితో చెప్పవచ్చు. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకు ఈ ఒక్క మీట కోసమైనా 707 పనికొస్తుంది.

ఆది తాళం. ఎనిమిది అక్షరాలు. అక్షరానికి నాలుగు స్టెప్‌ల చొప్పున 32 స్టెప్‌లు, అంటే రెండు ప్యాటర్న్‌లు. మొదటిది లఘువు, రెండోది రెండు ద్రుతాలు.

- మొదటి ప్యాటర్న్: 1లో క్లాప్. వేళ్ల లెక్కకు 5, 9, 13లో క్లోజ్డ్ హైహ్యాట్.
- రెండో ప్యాటర్న్: 1, 9లో క్లాప్. విసుర్లకు 5, 13లో క్లోజ్డ్ హైహ్యాట్.

ఈ రెండింటినీ ట్రాక్ రైట్‌లో వరసగా పేర్చుకుంటే సాధనకు తాళం సిద్ధం. ఎక్కడ దెబ్బ, ఎక్కడ వేలు అన్నది చెవికే తెలుస్తుంది. మామూలు మెట్రోనోమ్ ఇది చేయదు.

రూపకం, మూడు దెబ్బల లెక్కలో. లాస్ట్ స్టెప్ 12. 1, 5, 9లో అక్షరాలు.

మిశ్ర చాపు. ఏడు, మూడూ నాలుగుగా: తకిట తకధిమి. ఒక్కో మాత్రకు రెండు స్టెప్‌లు, లాస్ట్ స్టెప్ 14.

- బేస్ డ్రమ్ 1: 1
- స్నేర్ 1: 7, 11
- క్లోజ్డ్ హైహ్యాట్: 1, 3, 5, 7, 9, 11, 13

ఖండ చాపు. తక తకిట. లాస్ట్ స్టెప్ 10. బేస్ డ్రమ్ 1లో, లో టామ్ 5లో. హైహ్యాట్ బేసి స్టెప్‌లలో.

తిశ్ర నడకకు లాస్ట్ స్టెప్ కాదు, స్కేల్ మార్చాలి. స్కేల్‌లో మామూలు విభజనలతో పాటు మూడేసిగా విడగొట్టేవి కూడా ఉన్నాయి. బీటు నిడివి అలాగే ఉంచి లోపలి లెక్కను మూడుకు మార్చేది అదే. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే తాళం నిడివే మారిపోతుంది.

### 5.2 యాక్సెంట్, షఫుల్

యాక్సెంట్ అంటే దెబ్బను గట్టిగా మోగించడం. 707లో అది వాయిద్యానికి కాదు, స్టెప్‌కు. 5లో యాక్సెంట్ పెడితే ఆ స్టెప్‌లో మోగేవన్నీ పెరుగుతాయి. స్నేర్ కోసం పెట్టింది హైహ్యాట్‌ను కూడా లేపుతుంది. రెండు మార్గాలున్నాయి: ఆ స్టెప్‌లో హైహ్యాట్ తీసేయడం, లేదా రికార్డింగ్‌లో స్నేర్‌ను, హైహ్యాట్‌ను వేర్వేరు విడతలుగా తీసుకోవడం. నా మటుకు మొదటిదే నయం. దెబ్బ పడ్డ చోట హైహ్యాట్ లేకపోతే స్నేర్‌కు ఊపిరి ఆడుతుంది.

షఫుల్ సరి అంకెల స్టెప్‌లను కాస్త వెనక్కి నెడుతుంది. మొదటి మెట్టు దగ్గరే ఆగి వినండి. కంప్యూటర్‌లో బేస్ గిటార్ లాంటిది తిన్నగా గ్రిడ్ మీద ఉంటే అది, షఫుల్ చేసిన హైహ్యాట్ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. రెండింటికీ ఒకే ఊపు ఇవ్వండి.

## 6. కంప్యూటర్‌తో కలపడం

మిడి అంటే సంగీత పరికరాలు, కంప్యూటర్ నోట్లనూ టెంపో టిక్కులనూ (క్లాక్) పంపుకునే పద్ధతి. సింక్ అంతకన్నా పాతది, టెంపో కలపడానికే. వెనకవైపు మిడి జాక్‌లు, సింక్ జాక్ ఒకే ఆకారంలో ఉంటాయి. రెండూ అయిదు రంధ్రాలవే. మిడి కేబుల్ సింక్‌లో చక్కగా పడుతుంది, ఏమీ పనిచేయదు. సింక్‌లో క్లాక్ మూడో పిన్‌లో, స్టార్ట్-స్టాప్ ఒకటో పిన్‌లో వోల్టేజీగా నడుస్తాయి. మిడి సమాచారం నాలుగు, అయిదు పిన్‌లలో వెళ్తుంది. అంటే ఒకరి మాట ఒకరి చెవిన పడనే పడదు. కాబట్టి జాక్ పక్కనున్న పేరు చదివి పెట్టండి.

వరస ఇది:

1. కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ మిడి అవుట్ నుంచి 707 మిడి ఇన్‌కు కేబుల్.
2. 707 సింక్ మోడ్‌ను మిడికి మార్చండి. ఇంటర్నల్‌లో ఉంటే ఎంత క్లాక్ పంపినా తన టెంపోతోనే నడుస్తుంది.
3. సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్టుకు మిడి క్లాక్ పంపడం ఆన్ చేయండి.
4. కంప్యూటర్‌లో పాట మొదటికి వచ్చి ప్లే నొక్కండి. మధ్యలోంచి మొదలుపెడితే తాళం తప్పినట్టుండవచ్చు.
5. మిశ్ర చాపు ప్యాటర్న్ అయితే పాట కొలతను కూడా 7/8కు మార్చండి.

మిడి సింక్‌లో ఉన్నంతసేపు టెంపో గుండీ తిప్పినా ఫలితం ఉండదు. అది చెడిపోలేదు.

శబ్దం కాస్త ఆలస్యంగా వస్తోందా? కంప్యూటర్ క్లిక్‌ను, 707 రిమ్‌షాట్‌ను పక్కపక్కన రికార్డు చేసి, రెంటి మధ్య దూరం మిల్లీసెకండ్లలో కొలవండి. ఆ అంకెను సాఫ్ట్‌వేర్‌లో క్లాక్ ఆఫ్‌సెట్‌లో (క్లాక్‌ను ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్) పెట్టండి. 120 టెంపోలో ఒక స్టెప్ 125 మిల్లీసెకండ్లు, క్లాక్ ఒక్కో టిక్కు దాదాపు 21. మీ తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆఫ్‌సెట్‌తో పోతుంది. ఒక్కోసారి ఒక్కోలా ఉంటే మిడి ఇంటర్‌ఫేస్‌ను అనుమానించండి. చవకరకం యూఎస్‌బీ మిడి కేబుళ్లు ఈ పనికి నమ్మదగ్గవి కావు.

### 6.1 లోపలి ప్యాటర్న్‌లు వద్దు, శబ్దాలే కావాలంటే

కంప్యూటర్ నుంచి నేరుగా నోట్లు పంపవచ్చు. నోట్ అంకెలు:

- బేస్ డ్రమ్ 1: 36, బేస్ డ్రమ్ 2: 35
- స్నేర్ 1: 38, స్నేర్ 2: 40
- లో టామ్ 41, మిడ్ టామ్ 45, హై టామ్ 48
- రిమ్‌షాట్ 37, కౌబెల్ 56
- క్లాప్ 39, టాంబరిన్ 54
- క్లోజ్డ్ హైహ్యాట్ 42, ఓపెన్ 46
- క్రాష్ 49, రైడ్ 51

ఛానెల్ ఏదో తేలకపోతే 36ను ఒకటి నుంచి పదహారు దాకా ఒక్కో ఛానెల్‌లో పంపి చూడండి, ఎక్కడ మోగితే అదే. నోట్లను అక్షరాల పేర్లతో కాకుండా అంకెలతోనే సరిచూడండి. ఒక సాఫ్ట్‌వేర్ 36ను సీ1 అంటే ఇంకొకటి సీ2 అంటుంది.

ఒక్క దెబ్బకు రెండు శబ్దాలు వస్తే 707 మిడి అవుట్ నుంచి వచ్చిన నోటు సాఫ్ట్‌వేర్ గుండా తిరిగి దానికే చేరుతోందని అర్థం. ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయండి.

## 7. రిమ్‌షాట్ ట్రిగర్

వెనక రిమ్‌షాట్‌కు ట్రిగర్ అవుట్ ఉంది. రిమ్‌షాట్ రాసిన ప్రతి స్టెప్‌లోనూ ఒక విద్యుత్ స్పందన బయటికి వస్తుంది. రోలాండ్ ఎస్‌హెచ్-101 లాంటి సింథసైజర్ క్లాక్ ఇన్‌కు దాన్ని కలిపితే, మీరు రిమ్‌షాట్ ఎక్కడ రాస్తే సింథ్ సీక్వెన్స్ అక్కడే అడుగు వేస్తుంది. మిశ్ర చాపులో 1, 7, 11 రాసి చూడండి. శబ్దం వద్దనుకుంటే రిమ్‌షాట్ ఫేడర్ దించేయండి. అదే ఫేడర్ కౌబెల్‌కూ వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

## 8. రికార్డింగ్

స్టీరియో అవుట్ తేలిక, విడి అవుట్‌లు మేలు. ఇంటర్‌ఫేస్‌లో నాలుగు ఇన్‌పుట్‌లే ఉంటే బేస్ డ్రమ్‌కు ఒకటి, స్నేర్‌కు ఒకటి ఇచ్చి మిగిలినవన్నీ స్టీరియో అవుట్‌లో తీసుకోండి.

రికార్డు నొక్కేముందు:

- విడి అవుట్‌లో కేబుల్ పెట్టాక ఆ వాయిద్యం స్టీరియో మిక్స్‌లో ఇంకా వినిపిస్తోందా అని చూశారా? రెండు చోట్లా ఉంటే ఒకచోట తీసేయాలి.
- ఆ వాయిద్యం ఫేడర్ కదిపి, ఇంటర్‌ఫేస్ మీటర్ మారుతోందో లేదో చూశారా? లెవెల్ ఎక్కడ సరిచేయాలో అప్పుడే తెలుస్తుంది.
- యాక్సెంట్ స్టెప్‌తో సహా శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఉందా?
- ఒక్క స్పీకరే ఉంటే ఎడమ అవుట్ మాత్రమే వాడారా?

24 బిట్, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ చాలు. 707 శాంపిళ్లు 25 కిలోహెర్ట్జ్ వేగంతో నడుస్తాయి, అంటే వాటిలో అసలు సరుకు 12.5 కిలోహెర్ట్జ్ లోపే. 96 పెట్టినా ఫైలు బరువు తప్ప పెరిగేదేమీ లేదు.

గుయ్‌మనే హమ్ వస్తే లాప్‌టాప్ చార్జర్ పీకి వినండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ దారుల మధ్య కరెంటు చుట్టు తిరగడం. ఇంటర్‌ఫేస్, 707 అడాప్టర్, లాప్‌టాప్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. అప్పటికీ పోకపోతే ఆడియో లైనులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. చార్జర్ ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ విరిచేయకండి.

శాంపిల్ సెట్ తయారు చేసుకునేవాళ్లు ఒక్కో వాయిద్యానికి యాక్సెంట్ లేకుండా కొన్ని దెబ్బలు, యాక్సెంట్‌తో కొన్ని దెబ్బలు తీసుకోండి. క్రాష్, రైడ్ తోకను చివరిదాకా సాగనివ్వండి. కోసేటప్పుడు ముందు భాగాన్ని శబ్దం మొదలయ్యే చోటికి దగ్గరగా కోయండి, ఫేడ్ పెట్టకండి. బేస్ డ్రమ్ మొదటి చటుక్కు ఫేడ్‌లో పోయిందంటే దెబ్బ మెత్తబడుతుంది, తర్వాత ఏ కంప్రెసరూ దాన్ని తిరిగి తేలేదు.